‘డిస్‌కంబాబ్యులేట్’ పరీక్షకి ఏ నిఘంటువు నిలిచింది?

తీరిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాం. ‘డిస్‌కంబాబ్యులేట్’ (బుర్ర తిరిగేలా చేయడం) లాంటి, సరదాగా వాడే ఇంగ్లీషు మాటకి అర్థం కావాలంటే కేంబ్రిడ్జి వారి ఆన్‌లైన్ నిఘంటువు చూడండి. ఎలా పుట్టిందో కావాలంటే ఎటిమాన్‌లైన్. మొదట ఎప్పుడు రాతకెక్కిందో తేదీ సరిచూసుకోడానికి మెరియమ్-వెబ్‌స్టర్. తెలుగులో దీటైన మాట వెతుక్కోడానికి ఆంధ్రభారతి. నాలుగూ పైసా ఖర్చు లేనివే. సీతంపేట కొండ ఊళ్లలాంటి చోట ఉండి, సిగ్నల్ వస్తూ పోతూ ఉండేవాళ్లు నెట్ లేకుండా చదివించే కీవిక్స్ ఆప్‌లో విక్షనరీ (వాలంటీర్లు రాసే ఉచిత నిఘంటువు) దించుకోవడం మేలు. ఇంగ్లీషు-తెలుగు అట్ట నిఘంటువు ఒక్కటి కొని దానిమీదే భారం వేస్తే మాత్రం ఇలాంటి మాటల దగ్గర బోల్తా పడతారు.

‘ఫోటోసింథసిస్’ అనో ‘పార్లమెంట్’ అనో ఇచ్చి నిఘంటువుని పరీక్షిస్తే ఏమీ తేలదు, ఏ పుస్తకమైనా పాసైపోతుంది. దాని సత్తా తెలియాలంటే అల్లరి మాట ఒకటి ఇవ్వాలి. అందుకని డిస్‌కంబాబ్యులేట్‌ని ఎంచుకున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లలకి ఈ మాట పాఠ్యపుస్తకంలో కంటే ఓటీటీ సబ్‌టైటిళ్లలోనో రీల్స్‌లోనో తగిలే అవకాశమే ఎక్కువ. పొడుగ్గా ఉంది, లాటిన్ వాసనా కొడుతోంది, పెద్దమనుషులు వాడే మాట కాబోలు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

నిజానికిది పెద్దమనిషి వేషం కట్టిన కొంటె మాట. ఎదుటివాడి బుర్ర తిరిగేలా చేయడం, కుదురు చెడగొట్టడం దీని అర్థం. భయపెట్టడం కాదు, బాధపెట్టడమూ కాదు. చెప్పేవాడి పెదవి మీద నవ్వుండాలి. కేంబ్రిడ్జి నిఘంటువుకి మొదటి మార్కు వేసింది ఇందుకే: అర్థంతో పాటు ఇది హాస్యానికి వాడేదన్న ముద్ర కూడా వేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వారి లెర్నర్స్ నిఘంటువూ ఈ పని చేస్తుంది. మనవాళ్లు అర్థం చదివి ఈ ముద్ర చదవకుండా వదిలేస్తారు. ఇలాంటి మాటకి ముందు చదవాల్సింది ముద్రే. కరెంటు కోతల మీద కలెక్టరు గారికిచ్చే ఇంగ్లీషు అర్జీలో ‘ద పవర్ కట్స్ హావ్ డిస్‌కంబాబ్యులేటెడ్ అవర్ విలేజ్’ అని రాశామనుకోండి, వ్యాకరణం తప్పు లేదు, అర్థమూ తప్పు కాదు. కానీ అర్జీ ఇచ్చినవాడు ఎగతాళి చేస్తున్నాడో మొరపెట్టుకుంటున్నాడో చదివినవాళ్లకి తెలీదు. అదే వాక్యం స్నేహితుడికి వాట్సాప్‌లో పంపితే బ్రహ్మాండంగా ఉంటుంది.

పలికే తీరు కూడా అక్కడే వినొచ్చు. బ్రిటిష్ గొంతుకీ అమెరికన్ గొంతుకీ వేర్వేరు స్పీకరు గుర్తులుంటాయి. డిస్-కం-బాబ్-యు-లేట్. ఊతం మూడో ముక్క ‘బాబ్’ మీద పడాలి. తెలుగు అలవాటులో అన్ని అక్షరాలనీ ఒకే బరువుతో చదివేస్తే మాటలోని గెంతు పోతుంది. ఇక్కడ మాత్రం పుస్తకం కన్నా ఫోనే మేలు, సందేహం లేదు.

కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ రెండూ భాష నేర్చుకునేవాళ్ల కోసం చేసినవి. మాట చరిత్ర వాటి ప్రధానమైన పని కాదు. అది కావాలంటే ఎటిమాన్‌లైన్‌కి వెళ్లాలి. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన సైటు ఇది. అక్కడ డిస్‌కంబాబ్యులేట్‌ని 1830ల నాటి అమెరికా కల్పనగా, దొంగ లాటిన్ పోత పోసిన మాటగా చూపిస్తారు. ‘డిస్‌కంపోజ్’, ‘డిస్‌కంఫిట్’ లాంటి నిజమైన మాటల్ని తీసుకుని, మధ్యలో అర్థంపర్థం లేని ‘బాబ్’ ఇరికించి, చివర ‘యులేట్’ అని లాటిన్ తోక తగిలించారు. మొదట్లో దాని రూపం కూడా కుదురుగా లేదు. డిస్‌కంబాబ్రికేట్, డిస్‌కంబాబరేట్ లాంటి రకరకాల రూపాల్లో తిరిగి, చివరికి ఇప్పుడున్న దాంట్లో స్థిరపడింది.

మన భాషలో ఈ చమత్కారం పట్టుకోవాలంటే ‘తికమక’కి సంస్కృత ప్రత్యయం తగిలించి ‘తికమకీకరించాడు’ అని చూడండి. పండితుడు ముక్కు చిట్లిస్తాడు, పిల్లలు నవ్వుతారు. వ్యాకరణకర్త చిన్నయసూరి చూస్తే వైరి సమాసాల (తెలుగు, సంస్కృత మాటల్ని కూడని విధంగా కలిపినవాటి) పక్కన కూర్చోబెట్టేవాడు. అమెరికా వాళ్లు 1830లలో చేసింది సరిగ్గా ఇదే. లాటిన్ వచ్చినవాళ్ల దర్జాని వెక్కిరిస్తూ, లాటిన్ కాని లాటిన్ పుట్టించారు.

ఎటిమాన్‌లైన్‌లో అసలు మజా ఒక మాట దగ్గర ఆగకపోవడంలో ఉంది. అక్కడినుంచి దాని అన్నదమ్ముల దగ్గరికి దారులుంటాయి. ‘అబ్‌స్క్వాచులేట్’ అంటే ఉడాయించడం. ‘స్క్వాట్’ అంటే చతికిలబడటం కదా, దానికి ముందు లాటిన్ ‘అబ్’, వెనక లాటిన్ తోక. చతికిలబడినవాడు లేచి మాయమైపోయాడన్నమాట. ‘సాక్‌డాలజర్’ అంటే ఎదుటివాడు మళ్లీ లేవకుండా కొట్టే దెబ్బ. ఈ రెండో మాటకి చరిత్రలో విషాదమైన చోటుంది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో నాటకం చూస్తున్న అబ్రహాం లింకన్‌ని జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు కాల్చింది, ఈ మాట నుంచి పుట్టిన ‘సాక్‌డాలజైజింగ్’ అనే తిట్టు వినిపించి హాలంతా గొల్లున నవ్వుతున్న క్షణంలో. తుపాకీ చప్పుడు ఆ నవ్వుల్లో కలిసిపోతుందని అతని లెక్క. అల్లరి మాట అంటే చరిత్ర లేని మాట అనుకునేవాళ్లకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మనం రోజూ వందసార్లు అనే ‘ఓకే’ కూడా ఆ దశాబ్దపు సంతానమే. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో, ‘ఆల్ కరెక్ట్’ని కావాలని తప్పుడు స్పెల్లింగుతో రాసి, దాని మొదటి అక్షరాలతో అచ్చేశారు. ఇలా తప్పు స్పెల్లింగులతో పొట్టి మాటలు కట్టడం అప్పటి పత్రికల్లో ఒక వెర్రి. మిగతావన్నీ కొట్టుకుపోయాయి, ఇదొక్కటీ మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఎన్నికల ప్రచారంలో దూరి బతికిపోయింది. దీన్ని 1960లలో తవ్వి తీసినవాడు అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు. ఎటిమాన్‌లైన్‌కి కొరత ఏంటంటే, ఇలాంటి విషయాలు క్లుప్తంగా చెబుతుంది గానీ ఆ పాత పత్రికలోని వాక్యాన్ని వరుసగా ఎదురుగా పెట్టదు. ఇతర నిఘంటువుల నుంచి కూర్చినదని కూడా గుర్తుంచుకోవాలి.

మెరియమ్-వెబ్‌స్టర్ దగ్గర ‘ఫస్ట్ నోన్ యూజ్’ అని ఒక సంవత్సరం కనబడుతుంది. దాన్ని మాట పుట్టిన సంవత్సరంగా చదవకండి. ఇప్పటిదాకా దొరికిన రాతల్లో అన్నిటికన్నా పాతది ఏ ఏటిదో చెప్పే లెక్క అది. ఇంకో పాత పత్రిక స్కాన్ అయి ఆన్‌లైన్‌కి ఎక్కితే తేదీ వెనక్కి జరుగుతుంది. అందుకే పదేళ్ల కిందట అచ్చయిన పుస్తకంలో ఒక తేదీ, ఇప్పుడు సైటులో ఇంకో తేదీ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రెండూ నిజాయితీగా రాసినవే కావచ్చు. ఆ సైటులోనే ‘టైమ్ ట్రావెలర్’ అనే పేజీలో ఒక సంవత్సరం నొక్కితే ఆ ఏడు మొదటిసారి రాతకెక్కిన మాటలన్నీ వస్తాయి. ఇంగ్లీషు క్లబ్బులు నడిపే లెక్చరర్లకి ఇది బంగారు గని. పిల్లలు తాతయ్య పుట్టిన సంవత్సరం వేసి చూస్తే అరగంట హాయిగా గడుస్తుంది.

ఇక నిజాయితీ పరీక్ష. దీనికి ‘బాంబూజిల్’ అనే మాట వాడాం. మస్కా కొట్టి బోల్తా కొట్టించడం అని అర్థం. 1700ల తొలి ఏళ్లలో కనిపిస్తుంది. 1710లో జొనాథన్ స్విఫ్ట్ టాట్లర్ పత్రికలో ఇలాంటి కొత్త మాటలు భాషని పాడుచేస్తున్నాయని విసుక్కుంటూ దీన్నీ కలిపి తిట్టాడు. పుట్టుక మాత్రం తేలలేదు. స్కాట్లాండు మాట నుంచి వచ్చిందని ఒక ఊహ, కోతిని చేసి ఆడించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి అని ఇంకో ఊహ. మంచి నిఘంటువులు వీటిని ఊహలుగానే చూపిస్తాయి, లేదా పుట్టుక తెలియదని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. వెదురుకర్రల్లో ఏదో దాచి జనాన్ని మోసం చేసేవాళ్లని, అందుకే ‘బాంబూ’ వచ్చిందని చెప్పే వీడియోలున్నాయి. వినడానికి బాగుంటుంది, ఆధారం లేదు.

అక్షరాల్ని విడదీసి చెప్పే కథలైతే మరీ ప్రమాదం. ‘పాష్’ అంటే ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అని, ఇండియాకి వచ్చే ఓడల్లో డబ్బున్నవాళ్లకి ఎండ తగలని వైపు గదులిచ్చి టికెట్టు మీద ఆ నాలుగు అక్షరాలూ గుద్దేవారని పోటీ పరీక్షల నోట్సుల్లో కూడా చదువుతుంటాం. అలా ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటైనా ఎవరికీ దొరకలేదు. ఇరవయ్యో శతాబ్దానికి ముందు పొడి అక్షరాలతో మామూలు మాటలు పుట్టడం చాలా అరుదు. కాబట్టి పాత మాటకి ఇలాంటి వివరణ వినపడితే ముందు అనుమానించండి. (‘ఓకే’ ఆ అరుదైన వాటిలో ఒకటి. అందుకే రీడ్ దానికి అన్ని పాత పత్రికలు తిరగేయాల్సి వచ్చింది.) మా కొలబద్ద ఇది: ‘పుట్టుక తెలియదు’ అని రాయగలిగిన నిఘంటువుకి మార్కులు ఎక్కువ. ప్రతి మాటకీ ఓ చక్కటి కథ ఉన్న ఆప్‌ని ఫోన్లోంచి తీసేయండి.

వాక్యాలతో సహా సాక్ష్యం కావాలనుకునేవాళ్లకి పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఉంది. 1884లో మొదటి భాగం వచ్చి, 1928కి పూర్తయి, 1989 నాటి రెండో ముద్రణకి 20 సంపుటాలైంది. ప్రతి అర్థం కిందా తేదీ వేసిన వాక్యాలు వరుసగా ఉంటాయి. మాట ఎప్పుడు నవ్వుకి పుట్టింది, ఎప్పుడు మామూలైంది అనేది ఆ వరుస చదివితే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో పూర్తిగా చూడాలంటే చందా కట్టాలి, విడిగా కట్టుకునేంత అవసరం మామూలు పాఠకుడికి లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా దొరుకుతుందేమో ముందు అడగండి.

యాసమాటలకి దానితో పోటీపడేది గ్రీన్ నిఘంటువు. జొనాథన్ గ్రీన్ 2010లో మూడు సంపుటాలుగా తెచ్చి, 2016లో ఆన్‌లైన్‌కి ఎక్కించాడు. వాడుక వాక్యాలు దండిగా ఉంటాయి. ఒక హెచ్చరిక: బూతులు దాచదు. హైస్కూలు కంప్యూటరు గదిలో తెరిచి పెట్టి పక్కకి వెళ్లకండి.

తెలుగువాళ్లం కాబట్టి ఇంకో చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఏ నిఘంటువులోనైనా ‘బాండికూట్’ తెరవండి. మన పందికొక్కే అది. తెలుగు నుంచి వచ్చిందని స్పష్టంగా రాసి, పంది, కొక్కు అని రెండు ముక్కలూ విడదీసి చూపిస్తే ఆ నిఘంటువు పునాది గట్టిది. ‘భారతీయ భాష నుంచి’ అని తేల్చేస్తే మిగతా మాటల దగ్గర కూడా అంతే తేలిగ్గా తేల్చేసి ఉంటుంది. ఇంగ్లీషులోకి చేరిన మన దేశపు మాటల నిఘంటువు, 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ కూడా ఈ మాటని తెలుగుకే కట్టబెట్టింది. పిల్లలు ఆడే వీడియో గేములోని క్రాష్ బాండికూట్ మాత్రం ఆస్ట్రేలియా జంతువు. మన కొక్కు పేరే అక్కడి ఇంకో ప్రాణికి తగిలించారు.

తెలుగు మాట వెతకడం వేరే విద్య. ఆంధ్రభారతి సైటులో శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు లాంటివి ఒకే పెట్టెలో వెతకొచ్చు. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడ ఒకే కారణానికి: ఇప్పటి రాతతో వెతుకుతారు. పాత నిఘంటువుల్లో ‘గందరగోళం’ ఉండదు, ‘గందరగోళము’ ఉంటుంది. ‘గుర్రం’ కాదు, ‘గుఱ్ఱము’. అరసున్నా ఉన్న మాటలైతే మరీ దొరకవు. అందుకని పూర్తి మాట కాకుండా మొదటి రెండు మూడు అక్షరాలిచ్చి వెతకండి, ర దగ్గర దొరక్కపోతే ఱ పెట్టి చూడండి. బ్రౌన్ 1852లో మద్రాసులో అచ్చేయించిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో అమెరికా పత్రికల కొంటె మాటలు వెతకడం దండగ. దానికి అర్థంలో దగ్గరగా ఉండే సాదా మాట, ‘కన్‌ఫ్యూజ్’ లాంటిది, ఇచ్చి చూస్తే తెలుగు మాటల గుత్తి చేతికొస్తుంది.

ఆ గుత్తిలోంచి ఏరుకోవడం మన పని. ‘తబ్బిబ్బు’ చప్పుడు బాగుంది కానీ ఇప్పుడు ఎక్కువగా ఆనందానికే వాడుతున్నాం. ‘గాభరా’లో ఆందోళన పాలు ఎక్కువ. ‘కంగాళీ’ మనిషికంటే పనికీ సామానుకీ బాగా అతుకుతుంది. ‘తికమకపెట్టు’ అన్నిటికన్నా దగ్గర, బుర్రనీ కుదురునీ రెంటినీ తాకుతుంది. మన వైపు ఇంట్లో అనుకునే మాటైతే ‘బుర్ర తిరిగిపోనాది’ అంటే సరిపోతుంది, ఆ నవ్వు కూడా వస్తుంది. అట్ట నిఘంటువుల్లో సాధారణంగా కనిపించే ‘కలవరపరచు’, ‘అయోమయానికి గురిచేయు’ తప్పు కాదు. కానీ వాటిని చదివినవాడికి ఇది నవ్వే మాటని తెలిసే దారి లేదు. ఇంటికి కొనాలనుకుంటే దుకాణంలోనే ఈ ఒక్క మాటా తెరిచి చూడండి. మాట ఉండి పక్కన వాడుక ముద్ర కూడా ఉంటే కొనొచ్చు. మాటే లేకపోతే అది పెద్ద లోపమేం కాదు. మాట ఉండి ముద్ర లేకపోవడమే లోపం.

అర్థం పూర్తిగా పట్టుబడాలంటే మిల్వాకీ విమానాశ్రయంలోని బోర్డు చాలు. తనిఖీ దాటి, ఒక చేత్తో బెల్టు, ఇంకో చేత్తో బూట్లు పట్టుకుని, ట్రేలో ఫోను మర్చిపోయానా అని వెనక్కి చూసుకునే ప్రయాణికుడి కోసం అక్కడ కుర్చీలు వేసి, 2008లో ‘రీకంబాబ్యులేషన్ ఏరియా’ అని రాయించారు. మాటని తిరగేసి ‘మళ్లీ మనిషైపోయే చోటు’ అన్నారన్నమాట. అమెరికన్ డయలెక్ట్ సొసైటీ ఆ ఏటి అత్యంత సృజనాత్మకమైన మాటగా దీన్నే ఎన్నుకుంది. భోగాపురం విమానాశ్రయంలో కూడా ‘తేరుకునే చోటు’ అని ఒక బోర్డు పెడితే బాగుంటుంది.

నెట్ లేని చోట వాడేవాళ్లకి కొంచెం వివరంగా చెప్పాలి. కీవిక్స్ ఆప్ వేసుకుని, అందులో ఇంగ్లీషు విక్షనరీ ఫైలు దించుకోవాలి. బొమ్మలు లేని రకం ఎంచుకుంటే సైజు తగ్గుతుంది, అయినా కొన్ని జీబీలుంటుంది. పట్నానికి వెళ్లినప్పుడు వైఫై దగ్గర దించుకుని రావడం మంచిది. ఎక్కువగా చెడేది మెమరీ కార్డు దగ్గర. కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలుని అది ఒప్పుకోదు. కార్డులో ఎంత ఖాళీ ఉన్నా కాపీ మధ్యలో ఆగిపోతుంది. కార్డులోవి ముందు వేరే చోట దాచుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే పని అవుతుంది. పాత ఫోన్లు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తించవు, అలాంటప్పుడు ఫోను సొంత మెమరీలోనే పెట్టుకోవాలి. విక్షనరీలో వాడుక ముద్రలూ పుట్టుకా ఉచ్చారణ గుర్తులూ అన్నీ ఉంటాయి. రాసేది వాలంటీర్లు కాబట్టి నాణ్యత మాట మాటకీ మారుతుంది. పుట్టుక మీద పందెం కాసే ముందు సిగ్నల్ ఉన్నచోట ఎటిమాన్‌లైన్‌తో ఒకసారి పోల్చుకోండి.

ఫోన్లో ఉండే అనువాద యంత్రాల గురించి రెండు మాటలు. ఇవి ఒక్క మాట ఇస్తే ఒక్క మాట ఇస్తాయి, ముద్ర ఇవ్వవు. పూర్తి వాక్యం ఇస్తే కాస్త మెరుగు. కానీ ‘ఇది నవ్వుకి అన్నాడా, నిజంగా అన్నాడా’ అనే ప్రశ్నకి వాటిని నమ్ముకోవద్దు.

ఊరి గ్రంథాలయానికి కొత్తగా కొనదలిస్తే రెండు భాషల నిఘంటువులు మూడు తీసుకునే బదులు ఒకటి తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంగ్లీషు-ఇంగ్లీషు లెర్నర్స్ నిఘంటువు ఒకటి కొనండి. నెట్ ఉన్న కంప్యూటరు మీద పైన చెప్పిన నాలుగు సైట్ల పేర్లూ తెలుగులో రాసి అంటించండి. గ్రీన్ నిఘంటువు పేరు మాత్రం పెద్దవాళ్లు అడిగినప్పుడు నోటితో చెబితే చాలు.